జీర్ణరథోద్ధరణము: పాత మోటారుబండ్ల విడిభాగముల కథ

పల్లెలో ఎడ్లబండి చక్రమున ఆకు విఱిగినచో రైతు ఏమి చేయును? చక్రమును దొర్లించుకొని వడ్రంగి ముంగిటికి పోవును. వడ్రంగి విఱిగిన ఆకును ఊడదీసి, దాని పొడవును పుల్లతో కొలిచి, బాగుగ ఎండిన తుమ్మకఱ్ఱను బాడిసతో చెక్కి, ఒక కొన కుంభిలోను రెండవ కొన పూటీలోను ఇమిడిపోవు వఱకు తీర్చి తీర్చి బిగించును. పిమ్మట కమ్మరి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగి నీళ్లు చల్లును. పట్టా ముడుచుకొని చక్రమునంతను బిగబట్టును. సాయంకాలమునకు బండి మరల పొలమునకు బోవును. ఈ పనికై పట్టణమునకు జాబు వ్రాయ నక్కఱలేదు. సీమనుండి సరుకు వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. అయితే ఒక్క విషయము గమనింపవలెను. ఆ బండికి చేసిన ఆకు పొరుగువాని బండికి సరిపడదు. సరిపడవలెనని యెవరును కోరరు. ఏ బండి కొలతలు ఆ బండివే.

మోటారుబండి పుట్టిన తొలిదినములలో దాని స్థితియు అట్లే యుండెను. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నతడు పెట్రోలుతో నడచు మూడు చక్రముల బండికి 1886లో హక్కుపత్రము పొందెను. తరువాత కొద్ది యేండ్లకు ఫ్రాన్సులో పానార్, లెవస్సార్ అనువారు బండ్లు చేసి అమ్మసాగిరి. ఆ కాలపు కర్మాగారములలో మరలు కలవు గాని, మరలు చేసిన ముక్కలు తిన్నగా ఒకదానిలో నొకటి అమరెడివి కావు. ఆకురాయి చేతబట్టిన పనివారు వరుసగా నిలిచి, ప్రతిముక్కను రాచి రాచి దాని జతముక్కకు సరిపుచ్చెడివారు. ఒకే పేరుతో, ఒకే నెలలో, ఒకే కప్పు క్రింద తయారైన రెండు బండ్ల పళ్లచక్రములను ఒకదానివి మఱియొకదానికి మార్చినచో అవి తిరుగకపోవుటయు కలదు. కావున నేడు ఎవరైన అట్టి బండిని బాగుచేయదలచి, ఎంతో వెదకి అదేరకపు బండియొక్క భాగమును సంపాదించినను, వాని పని సగమే యైనట్లు. మిగిలిన సగము మరల ఆకురాయితోనే.

పెద్దభాగముల మాట యటుంచుడు. ఒక్క మరసీల సంగతి చూడుడు. 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి మరచుట్టునకు ఒక కట్టుబాటు ఏర్పఱచెను. ఆ చుట్టు వాలు 55 అంశములు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ మఱియొక కట్టుబాటు ప్రతిపాదించెను. దాని వాలు 60 అంశములు. ఫ్రాన్సువారు తమ మీటరు కొలతను బట్టి వేఱు చుట్లు పెట్టుకొనిరి. ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములు కలసి ఒకే చుట్టునకు ఒడంబడుటకు 1948వ సంవత్సరము రావలసివచ్చెను. ఈ భేదము తెలియనివాడు ఇంగ్లీషు బోల్టుకు అమెరికా నట్టును బలవంతముగ బిగించును. రెండు చుట్లు తిరిగి మూడవచుట్టున అది పట్టుకొనును. ఇంకను త్రిప్పినచో రెండును పాడగును. పాత బండిని బాగుచేయువాని మొదటి పాఠము ఇదియే: చేతిలోని ముక్క ఏ దేశముది, ఏ కాలముది అని తెలియనిదే దానిమీద బలము చూపరాదు.

అన్ని ముక్కలును ఒకే కొలతకు చేయవలెను, దేనినైనను దేనికైనను తొడుగవలెను అను తలంపు మోటారుబండ్లవారిది కాదు, తుపాకులవారిది. 1785లో పారిసునగరమున హోనోరే బ్లాంక్ అను శిల్పి తుపాకి కీలుముక్కలను కుప్పలుగ పోసి చూపగా, అప్పుడు అమెరికా రాయబారిగ నుండిన థామస్ జెఫర్సన్ చేతికి దొరికిన ముక్కలను తానే కూర్చి చూచి ఆశ్చర్యపడెను. యుద్ధరంగమున తుపాకి చెడినచో శిల్పికై వెదకక, మఱియొక తుపాకి ముక్క తీసి వేయవచ్చునని ఆయన గ్రహించెను. ఆ విద్య అమెరికాలోని ఆయుధశాలలలో పెరిగెను. అట్టి ఆయుధశాలలలో యౌవనమున పనిచేసినవాడే హెన్రీ లేలాండ్. ఇతడు తరువాత డెట్రాయిటు నగరమున కాడిలాక్ మోటారుబండ్ల కర్మాగారమునకు పెద్ద యయ్యెను. వెండ్రుకవాసి భేదమును కూడ సహింపనివాడని ఇతనికి పేరు.

1908లో ఇంగ్లండున జరిగిన పరీక్ష ఈ కథలో ముఖ్యఘట్టము. లండనులో అమ్మకమునకున్న కాడిలాక్ బండ్లలో మూడింటిని రాజకీయ మోటారుసంఘమువారు తామే ఏరుకొనిరి. వానిని బ్రూక్లండ్సు పందెపుబాటకు చేర్చి, ఒక్కొక్కదానిని 721 ముక్కలుగ విప్పించిరి. మూడుబండ్ల ముక్కలను కుప్పలో కలగలిపిరి. అంతటితో తృప్తిపడక, 89 ముక్కలను తీసివేసి, వాని స్థానమున వర్తకుని కొట్టునుండి క్రొత్తముక్కలు తెప్పించిరి. ఆకురాయి ముట్టరాదు, సుత్తె ముట్టరాదు. స్పానర్లు, మరలు త్రిప్పు సాధనములు మాత్రమే వాడవచ్చును. ఈ నిబంధనతో పనివారు ఆ కుప్పనుండి మరల మూడుబండ్లను కట్టిరి. ఒకదాని రెక్కలు మఱియొకదానికి బడుటచేత ఆ బండ్లు పగటివేషగాని అంగరఖావలె రంగురంగులుగ కనబడెనట. కాని మూడును కదలెను. ఒక్కొక్కటి బాటమీద 500 మైళ్లు పరుగెత్తెను. ఆ సంవత్సరపు శ్రేష్ఠ యంత్రకార్యమునకు ఇచ్చు డ్యూవార్ బహుమానమును సంఘమువారు కాడిలాక్ సంస్థకు ఒసగిరి.

ఈ పరీక్ష నాడు ఒక క్రొత్త వస్తువు పుట్టినదని చెప్పవచ్చును. అదే విడిభాగము. బండితో సంబంధము లేక, తనంత తాను పెట్టెలో నిదురించి, పది సంవత్సరముల పిమ్మట ఎన్నడును చూడని బండిలో చేరి పనిచేయగల ముక్క యన్నమాట.

ఆ యేడే, అనగా 1908 అక్టోబరు 1వ తేదీని, హెన్రీ ఫోర్డు తన టి-రకపు బండిని లోకమునకు చూపెను. 1913లో అతని కర్మాగారమున బండ్లే కదలుచు పనివారి యొద్దకు వచ్చు ఏర్పాటు నెలకొనెను. 1927లో ఆ రకము నిలుపునాటికి ఒక కోటి యేబదిలక్షలకు పైగ బండ్లు తయారైనవి. ఇన్ని బండ్లు లోకమంతట చెల్లాచెదరైనప్పుడు వాని ముక్కలును అంగడి సరుకైనవి. ప్రతిముక్కకు ఒక సంఖ్య. ప్రతిసంఖ్యకు ఒక ధర. అన్నియు అచ్చుపడిన పట్టికలో. మన దేశమునకు ఈ బండ్లు విశేషముగ కెనడా ఫోర్డు శాఖనుండి వచ్చినవి. ఆ శాఖవారు 1926లో ఇండియాలో ఒక కంపెనీ స్థాపించి, బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణములలో బండ్లను కూర్చు పని నడిపిరి. చెన్నపట్టణపు రేవుమీదుగ తెలుగుజిల్లాలకు మోటారు వచ్చిన దినములవి.

ఫోర్డు కర్మాగారము టి-రకపు బండిని మానుకొన్నను, ఆ బండి యంత్రమును మాత్రము 1941 ఆగస్టు వఱకు తయారుచేయుచునే యుండెను. ఆ పిమ్మట యుద్ధము వచ్చెను. 1942లో అమెరికాలో ఊరూర పాత ఇనుము సేకరించి ఆయుధములకై కరగించిరి. అంతవఱకు కొట్టములలో పడియుండిన పాతబండ్లు ఎన్నియో ఆ మంటలో పోయినవి. మన దేశమున పెట్రోలు కొఱతవలన బస్సులు బొగ్గువాయువుతో నడచుటయు, మన పనివారు దొరకిన దానితోనే బండ్లను ఈడ్చుకొని వచ్చుటయు ఆ కాలముననే. ఒక వస్తువు సమృద్ధిగ నున్నంతకాలము దానిని దాచవలెనని ఎవరికిని తోచదు. అది కొలిమిలో పడిన పిమ్మట దాని విలువ తెలియవచ్చును.

అయినను దాచినవారు కొందరుండిరి. ఇంగ్లండులో 1896 నవంబరున మోటారుబండ్లవారు లండనునుండి బ్రైటనుకు చేసిన యాత్రకు జ్ఞాపకార్థముగ 1927లో పాతబండ్లతో మరల యాత్ర నడిపిరి. 1905కు పూర్వపు బండ్లకు మాత్రమే అందు ప్రవేశము. 1930లో అచట ప్రాచీన మోటారుబండ్ల సంఘము ఏర్పడెను. 1935లో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున అట్టిదే మఱియొకటి ఏర్పడెను. 1952లో మాంటెగ్యు ప్రభువు, మోటారువిద్యకు తొలినాళ్ల భక్తుడైన తన తండ్రి జ్ఞాపకార్థము, బ్యూలీ గ్రామములోని తన భవనమున కొలది పాతబండ్లను ప్రదర్శనకు ఉంచెను. అదియే పెరిగి గొప్ప ప్రదర్శనశాల యయ్యెను.

బండి యున్నంతమాత్రమున సరిపోదుగదా! దానికి లోపించిన దీపము, విఱిగిన పళ్లచక్రము, చివికిన గొట్టము ఎచట దొరకును? ఈ ప్రశ్నకు సమాధానముగ పుట్టినవి విడిభాగముల సంతలు. మన వారపు సంతకు రైతులు దూడలను, మిరపకాయలను తెచ్చినట్లు, ఈ సంతకు పాత మోటారు సామాను తెత్తురు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున హర్షీ అను ఊరిలో ప్రతి శరత్కాలమున జరుగు సంత మిక్కిలి ప్రసిద్ధము. బ్యూలీ గ్రామమున అట్టి సంత 1967లో ఆరంభమయ్యెను. తుప్పుపట్టిన ముక్కలు బల్లలమీదను, నేలమీదను పఱచి యుండును. ఒకనికి చెత్త యైనది మఱియొకనికి ఏండ్ల తరబడి వెదకిన నిధి.

అయితే ఈ వెదకుటకును ఒక శాస్త్రము కలదు. మొదట, పాత ధరపట్టికలు సంపాదింపవలెను. కాగితము లేనిదే ఇనుము మాటలాడదు. రెండవది, బండిచేసిన కంపెనీ ప్రతిముక్కను తానే చేయలేదని యెఱుగవలెను. మాగ్నెటోలు బాష్ కంపెనీవి, కార్బురేటర్లు జెనిత్ కంపెనీవి, దీపములు లూకాస్ కంపెనీవి. ఇవి పెక్కు కర్మాగారములకు ఒకే రకముగ అమ్ముడుపోయినవి. కావున పేరుగాంచిన బండికి లోపించిన ముక్క పేరు మాసిన వేఱొక బండిలోనో, ట్రాక్టరులోనో దొరకవచ్చును. మూడవది, గుండ్లబేరింగుల వంటి కొన్ని వస్తువుల కొలతలు తొలినాళ్లలోనే దేశదేశములకు సమానముగ స్థిరపడినవి. నూఱేండ్లనాటి బండి బేరింగును కొలిచి, అదే కొలతగల క్రొత్తదానిని నేటి దుకాణమున కొనుట పలుమాఱులు సాధ్యము. తెలివిగల పనివాడు మొదట కొలబద్ద తీయును. ఆ పిమ్మటనే డబ్బుసంచి తీయును.

ఎంత వెదకినను దొరకనిది చేయించుకొనవలెను. ఇక్కడ మన కంచరి, కమ్మరి, వడ్రంగుల విద్యయే మరల అక్కఱకు వచ్చును. పోతపోసిన భాగమును తీసికొందము. పాతముక్కనే ఇసుకలో అదిమి అచ్చుతీసి, లోహము కరగించి పోసినచో సరిపోవునని తోచును. సరిపోదు. కరగిన లోహము చల్లారునప్పుడు ముడుచుకొనును. అడుగు పొడవు గల పోతయినుము సుమారు 1/8 అంగుళము తరుగును. ఇత్తడి సుమారు 3/16 అంగుళము తరుగును. అదియు గాక, పాతముక్క నూఱేండ్లు అఱిగియుండును. అఱిగినదానినుండి తీసిన అచ్చు, ఆ అచ్చులో ముడుచుకొనిన లోహము, పైన చేయు నునుపు: ఇట్లు మూడుమాఱులు చిక్కిన ముక్క బండికి ఎట్లు సరిపడును? అందుచేత పోతశాలలకు కఱ్ఱనమూనాలు చేయు వడ్రంగుల కొలబద్దయే వేఱు. వారి బద్దమీది అంగుళము లోకపు అంగుళముకంటె కొంచెము పెద్దది. తరుగుదలను ముందే లెక్కగట్టి, పెద్దదిగ చేసి, సరియైనదానిని పొందుదురు. ధాన్యము కొలిచి యిచ్చునప్పుడు పెద్దమానిక వాడువాడు ధర్మాత్ముడని మనమందుము. ఈ వృత్తిలో పెద్దమానిక లేనివాడు పనికే రాడు.

యంత్రములో తిరుగు ఇరుసులకు ఆసరాగ పోయు మెత్తనిలోహము మఱియొక యుదాహరణము. తగరములో కొంచెము రాగి, ఆంటిమొనీ అను లోహము కలిపి చేయు ఈ మిశ్రమమును 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికావాడు కనిపెట్టెను. టి-రకపు ఫోర్డుబండి యంత్రమున దీనినే పోసిరి. ఇది అఱిగినప్పుడు పాతదానిని కరగించి తీసివేసి, మన కళాయివాడు ఇత్తడిపాత్రకు చేయునట్లు లోపలితలమును శుభ్రపఱచి తగరముపూసి, క్రొత్తలోహము పోసి, ఇరుసు సుఖముగ తిరుగువఱకు చేతితో గీకవలెను. ఆ బండి చక్రములు హికరీ యను గట్టికఱ్ఱతో చేసినవి. చక్రమునకు 12 ఆకులు. మన బండిచక్రము చేయు వడ్రంగి ఆ చక్రమును చూచినచో దాని గుట్టు వెంటనే గ్రహింపగలడు.

రబ్బరు సంగతి వేఱు. ఇనుము తుప్పుపట్టినను కొంత మిగులును. కఱ్ఱ చెదపట్టినను కొలత చెప్పును. రబ్బరుమాత్రము వాడకుండ దాచినను బీటలువాఱి పొడియగును. కావున పాతటైరును దాచుట వ్యర్థము. దాని అచ్చును దాచుట సార్థకము. అమెరికాలో టెనెసీ రాష్ట్రమందలి చటనూగా నగరమున కోకర్ అను సంస్థవారు పాత అచ్చులు సంపాదించియు, క్రొత్తవి చేయించియు, ఆనాటి పోలికలుగల టైర్లను ఈనాటి రబ్బరుతో పోసి అమ్ముచు పేరుపొందిరి. ఇంగ్లండులో 1962 మొదలు 1980 వఱకు తయారైన ఎం.జి.బి. అను చిన్నబండి విషయమునను ఇదియే జరిగెను. దాని రేకులను అదిమిన అసలు అచ్చులను వెదకిపట్టి, 1988లో దాని కాయమునంతను మరల క్రొత్తగ చేసి అమ్మనారంభించిరి. ముక్కలకంటె ముక్కలను పుట్టించు సాధనమే విలువైనదని దీనివలన తేలుచున్నది.

ఇటీవలి కాలమున క్రొత్త ఉపాయములు వచ్చినవి. వెలుతురుకిరణములతో పాతముక్క రూపమును కొలిచి, గణనయంత్రములో దాని బొమ్మ నిలిపి, అఱిగినంతమేర ఆ బొమ్మలోనే పూరించి, లోహపుపొడిని పొరలు పొరలుగ కరగించి ముక్కను నిలువబెట్టుచున్నారు. జర్మనీలోని పోర్షే సంస్థవారు తమ 959 రకపు బండికి క్లచ్చి విడిపించు మీటను ఇట్లు చేయుచున్నట్లు 2018లో ప్రకటించిరి. ఆ రకపు బండ్లు కేవలము 292. ఇన్ని కొద్ది బండ్లకొఱకు పోతశాలలో అచ్చులు కట్టించుట ఎవరికి గిట్టును?

అయితే రూపము కుదిరినంతమాత్రమున గుణము కుదిరినట్లు కాదు. ఫోర్డు తన టి-రకపు బండిలో వనేడియము కలిపిన ఉక్కును వాడెను. తేలికబండి గతుకుల బాటలను ఓర్చుకొనుటకు కారణము ఆ ఉక్కు. అదే ఆకారమును చవక యినుముతో పోసి, రంగుపూసి అమ్మినచో కన్ను పోల్చలేదు, బండి పోల్చును. చుక్కానిచక్రమునకు చెందిన చేయి, ముందు ఇరుసుకొన, బ్రేకుకమ్మి: ఇవి సమ్మెటదెబ్బలు తిని గట్టిపడవలసిన భాగములు గాని పోతపోయదగినవి కావు. ఎడ్లబండి చక్రము విఱిగినచో బస్తాలు దొర్లును. గంటకు 40 మైళ్ల వేగమున పోవు బండి చుక్కాని విఱిగినచో దొర్లునవి బస్తాలు కావు. కావున ప్రతిరూపము చేయువాడు మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఇది ఎట్లుండెను’ అని కాదు. ‘ఇది ఏ భారమును మోసెను’ అని.

ఇక నిజమైన చిక్కుప్రశ్నకు వత్తము. ఒక్కొక్కభాగమే మార్చుచు పోగా, కడకు బండిలో పాతది ఏమియు మిగులనప్పుడు, అది పాతబండి యేనా? ఇది కేవలము తర్కవాదుల వినోదము కాదు. న్యాయస్థానమున విచారణకు వచ్చిన విషయము. ఇంగ్లండులో బెంట్లీ కంపెనీ చేసిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అను పందెపుబండి ఫ్రాన్సులోని లెమాన్ నగరమున జరుగు 24 గంటల పందెమును 1929లోను 1930లోను గెలిచెను. పిమ్మట దాని యంత్రమును మార్చిరి, చట్రమును మార్చిరి. 1932లో బ్రూక్లండ్సు బాటమీద అది ఘోరప్రమాదమునకు గుఱియై, నడిపినవాడు మరణించెను. దానిని వేఱురూపమున మరల కట్టిరి. 1990లో ఆ బండిని ఒక కోటి పౌనులకు అమ్మ నొప్పందము కుదిరెను. కొనువారు వెనుకాడి, 1929నాటి ముక్కలు ఇందులో దాదాపు లేవు గనుక ఇది ఆ బండియే కాదని వాదించిరి. లండను ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి ఆటన్ తీర్పుచెప్పెను. మొదటిముక్కలు నిలిచియున్నవను అర్థమున దీనిని అసలుబండి యనుటకు వీలులేదు. కాని గెలిచిననాటినుండి నేటివఱకు తెగని చరిత్ర దీనికి కలదు. మఱియే బండియు ఆ పేరును కోరజాలదు. కావున ఇది ఆ బండియే. కొనువారు మాట చెల్లింపవలసివచ్చెను.

ఈ తీర్పు మనకు క్రొత్తగ తోచదు. మన ఊళ్లలో దేవుని రథమునకు ఒక తరమున చక్రములు మార్తుము, మఱియొక తరమున ఇరుసులు మార్తుము, ఇంకొక తరమున దూలములు మార్తుము. తాతలనాటి కఱ్ఱ ఒక్కటియు మిగులకపోయినను అది మన తాతలు లాగిన రథమే. పాడైనదని తీసివేసిన చక్రములను ఎవడైన ఏరుకొనిపోయి వేఱొక రథము కట్టినచో దానికి ఎవరును కొబ్బరికాయ కొట్టరు. రథమును రథముగ నిలుపునది కఱ్ఱ కాదు. ఏటేట లాగిన చేతుల వరుస తెగకుండుట.

కాని ఇందులో ఒక అపాయము కలదు. రథము విషయమున ఊరంతయు సాక్షి. ఏ చక్రము ఎప్పుడు మార్చిరో పదిమందికి తెలియును. మోటారుబండి చేతులు మాఱును, దేశములు మాఱును, దానికి సాక్షులుండరు. ఒక తగరపుపలక, దానిమీది సంఖ్య, ఇవి మాత్రమే దాని కులగోత్రములు చెప్పును. వానిని దొంగిలించి, క్రొత్తగ చేసిన చట్రమునకు తాపి, పాతబండి యని లక్షలకు అమ్మువారు లేకపోలేదు. ప్రతిరూపము చేయుట తప్పు గాదు. ప్రతిరూపమని చెప్పకుండుట తప్పు. పాతబండ్ల సంఘముల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో ట్యూరిన్ నగరపు పేరిట ఒక ధర్మపత్రమును అంగీకరించిరి. పాతదానిని మార్చుటకంటె కాపాడుట మేలనియు, మార్చిన క్రొత్తభాగమును గుర్తించుటకు దానిమీద చెఱగని చిహ్నము వేయవలెననియు, చేసినపని వ్రాసి యుంచవలెననియు అందలి సారాంశము. కరణము దస్త్రము వ్రాసినట్లు బండికిని ఒక దస్త్రము వ్రాయవలెనన్నమాట.

మన ప్రభుత్వమువారును ఈ విషయమున శ్రద్ధవహించిరి. 2021 జులైలో కేంద్ర రవాణాశాఖవారు 50 సంవత్సరములు దాటిన పాతబండ్లకు ప్రత్యేక నమోదుపద్ధతి ఏర్పఱచిరి. సంఖ్యాఫలకమున ‘వి.ఎ.’ అను అక్షరములు, నమోదుకు 20,000 రూపాయల రుసుము, పది సంవత్సరముల గడువు అందు నిర్ణయించిరి. చట్రమును, కాయమును, యంత్రమును గుర్తుపట్టరానట్లు మార్చిన బండికి ఆ గౌరవము లేదు. హైదరాబాదులోని చౌమహల్లా భవనమున 1912నాటి రోల్స్ రాయిస్ బండి యొకటి ప్రదర్శనలో నుంచబడినది. ఆఱవ నిజాము దానిని కోరెను. అది చేరకముందే 1911లో ఆయన గతించెను. రాజుల బండ్లకు ఎల్లప్పుడు కాపరులుందురు. సామాన్యుల బండ్లకు మనమే కాపరులము.

పెద్దలారా, మీ ఊరి పాత బియ్యపుమిల్లు వెనుకనో, జమీందారు కొట్టములోనో, తుప్పుపట్టిన మోటారుబండియో చమురుయంత్రమో పడియుండవచ్చును. పాత ఇనుము కొనువాడు తరాజు పట్టుకొని వచ్చినప్పుడు, తూచి యిచ్చుటకు ముందు రెండుపనులు చేయుడు. దానిమీది పలకను తుడిచి అందలి సంఖ్యను వ్రాసికొనుడు. దానిని నడిపినవారి పేర్లు, తెచ్చిన సంవత్సరము, జ్ఞప్తియున్న వృద్ధుని అడిగి వ్రాసికొనుడు. ముక్క విఱిగినచో మరల చేయవచ్చును. విజయవాడ ఆటోనగరులోని లేతుమరల యొద్ద నేర్పుగల చేతులకు కొఱతలేదు. పలకలోని సంఖ్యను, వృద్ధుని జ్ఞాపకమును మాత్రము ఏ పోతశాలయు మరల పోయజాలదు.

అట్లే, మీ ఊరిలో చక్రము కట్టగల వడ్రంగి, పట్టా తొడుగగల కమ్మరి ఇంకను ఉన్నచో, వాని విద్యను వాని కుమారుడో మఱియొకడో నేర్చుకొనునట్లు చూడుడు. మర ఒకే ముక్కను లక్షసార్లు చేయగలదు. లోకమున ఒక్కటియే మిగిలిన బండికి ఒక్కటియే కావలసిన ముక్కను చేయుటకు, కొలిచి, తలపోసి, తీర్చగల చేయి కావలెను.